డాక్టరు వచ్చేలోగా



పోయిన నెల ఈ శీర్షికలో దూడల పెంపకం గురించి రాశాను. దానికి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం దూడల గురించి కాదు. "రాత్రివేళ గేదె పడిపోయింది, డాక్టరుగారు రావడానికి నాలుగు గంటలు పట్టింది, ఆ నాలుగు గంటలు మేము ఏం చేసి ఉండవలసింది?" అని ఒక సహోదరి అడిగారు. అటువంటి ప్రశ్నే ఇంకా ముగ్గురు నలుగురు అడిగారు. అందుచేత ఈ నెల అనుకున్న విషయం పక్కన పెట్టి దీనికే జవాబు రాస్తున్నాను. జవాబులో ముఖ్యమైన మాట ఏమి చేయాలి అన్నదానికంటే ఏమి చేయకూడదు అన్నదే. అది నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు.

1988 అక్టోబరులో నేను పల్నాడులో పశువైద్యునిగా పనిచేస్తున్నాను. ఒకనాడు తెల్లవారకముందే ఒకాయన తొమ్మిది కిలోమీటర్లు సైకిలు తొక్కుకుంటూ వచ్చి తలుపు కొట్టాడు. బ్యాంకు అప్పుతో కొన్న ముర్రా గేదె. మూడవ ఈత. ముందురోజు మధ్యాహ్నం సుఖంగానే ఈనింది. పొద్దుగూకేసరికి కాళ్లు తడబడ్డాయి, రాత్రికి కూలబడింది, అర్ధరాత్రి దాటాక మెడ డొక్క వైపు తిప్పుకొని మూలుగుతూ ఉండిపోయింది. నేను వెళ్లి చూస్తే చెవులు చల్లగా ఉన్నాయి, ముట్టె ఎండిపోయి ఉంది, కన్ను తాకితే రెప్ప సరిగా పడడం లేదు. పాల జ్వరం. అనుమానం లేదు. కాల్షియం సీసా నరంలోకి నెమ్మదిగా ఎక్కించాను. సీసా సగం అయ్యేసరికి ఒళ్లు వణికింది, తేనుపు వచ్చింది, పేడ వేసింది. అరగంటలో లేచి నిలబడింది. ఆ ఇంటివారి సంతోషం చెప్పనలవి కాదు. ఇంటి ఇల్లాలు నాకు ఒక లోటా నిండా జున్నుపాలు ఇచ్చింది.

మూడవనాడు మళ్లీ కబురు వచ్చింది. గేదె మేత ముట్టడం లేదు. దగ్గుతోంది. ముక్కు నుండి నురుగు, ఊపిరిలో కుళ్లు వాసన. అప్పుడు అడిగితే తెలిసింది. ఆ రాత్రి నన్ను పిలవడానికి ముందు నలుగురు మగవాళ్లు దాని తల పైకెత్తి పట్టుకొని, నాలుక బయటకు లాగి, వెదురు గొట్టంతో మిరియాలు, శొంఠి, వెల్లుల్లి కాచిన కషాయం పోశారు. అది పనిచేయలేదని సారా పోశారు. పోస్తుంటే ముక్కులోంచి బుడగలు వచ్చాయట. మందు పనిచేస్తున్నదని అనుకున్నారు. అది ఊపిరితిత్తులలోకి దిగింది. నాకు తెలిసిన ఇంజెక్షన్లన్నీ చేశాను. ఆరవ రోజున గేదె చనిపోయింది.

"మేము పోసిందే దాని ప్రాణం తీసిందా డాక్టరుగారూ?" అని ఆ తల్లి నన్ను అడిగింది. అప్పు ఇంకా తీరలేదు. పాలు లేని పసిదూడ కొట్టంలో అరుస్తోంది. ఆమె ముఖం చూసి నిజం చెప్పలేకపోయాను. "లేదమ్మా, జబ్బే ముదిరిపోయింది" అని వచ్చేశాను. అది దయ అనుకున్నాను.

మరుసటి సంవత్సరం అదే వీధిలో ఇంకొక గేదె సరిగ్గా అలాగే పోయింది. పోసిన గొట్టం మొదటి ఇంటి నుండి అడిగి తెచ్చుకున్నదే. అప్పుడు వెళ్లి ఆమెకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె కోపపడలేదు. "ఆ మాట నిరుడే చెప్పి ఉంటే గొట్టం ఇచ్చేదాన్ని కాను కదయ్యా" అన్నది. అప్పటినుండి ఏ ఇంటిలోనైనా ఈ సంగతి మొహమాటం లేకుండా చెబుతున్నాను. ఇక్కడా అలాగే చెబుతున్నాను.

కూలబడిన పశువు నోట్లో ఏదీ పోయవద్దు. మంచినీళ్లు కూడా వద్దు. పాల జ్వరం వచ్చిన పశువుకు కండరాలు పట్టు తప్పుతాయి, గొంతులోని కండరాలు కూడా అంతే. మింగే శక్తి ఉండదు. తల పైకెత్తి నాలుక పట్టుకుంటే ఆరోగ్యంగా ఉన్న పశువే సరిగా మింగలేదు. మీరు మీ నాలుకను వేళ్లతో పట్టుకొని, తల వెనక్కు వాల్చి గుటక వేసి చూడండి, తెలుస్తుంది. నిలబడి, తెలివిగా ఉండి, మింగుతున్న పశువుకు మాత్రమే ఏదైనా తాగించాలి. అప్పుడైనా ముట్టె దాని కన్ను ఎత్తు దాటకూడదు, కొంచెం కొంచెంగా పోయాలి, దగ్గితే వెంటనే తల వదిలేయాలి.

పాల జ్వరం అనే పేరు మోసం చేస్తుంది. జ్వరం ఉండదు, ఒళ్లు చల్లబడుతుంది. ఎక్కువ పాలిచ్చే పశువులకు, మూడవ ఈత మొదలుకొని, సాధారణంగా ఈనిన మూడు రోజులలోపు వస్తుంది. పొదుగులోకి ఒక్కసారిగా పాలు దిగేటప్పుడు రక్తంలోని కాల్షియం పాలలోకి పోతుంది. ఎముకలలో కాల్షియం కావలసినంత ఉన్నా అది అంత త్వరగా రక్తంలోకి రాదు. అందుకనే చూడి కాలం చివరి రెండు మూడు వారాలలో "బలానికి" అని కాల్షియం టానిక్కులు ఎక్కువగా తాగించడం మంచిది కాదు. బయటినుండి ధారాళంగా వస్తుంటే ఎముకలలోనుండి తీసుకునే అలవాటు శరీరానికి తప్పిపోతుంది. ఈ మాట చెబితే మందుల షాపువారికి నచ్చదు గాని, నిజం.

డాక్టరు వచ్చేవరకు మీరు చేయవలసినది ఒకటుంది, అది చాలా పెద్ద సహాయం. పశువును ఒక పక్కకు పడుకోనివ్వకుండా రొమ్ము మీద కూర్చోబెట్టండి. గోనె సంచులలో గడ్డి కూరి రెండు పక్కలా ఒత్తుగా పెట్టండి. పక్కకు పడిపోయిన పశువుకు తేనుపు రాదు, కడుపు ఉబ్బి ఊపిరాడదు, కడుపులోనిది నోట్లోకి వచ్చి ఊపిరితిత్తులలోకి పోతుంది. రెండు గంటలకొకసారి ఒరిగిన వైపు మార్చండి. కింద గడ్డి పరచండి. ఎండలో ఉంటే నీడ కల్పించండి, చలిలో ఉంటే గోనె కప్పండి. పొదుగు పిండి ఖాళీ చేయవద్దు. దూడకు సరిపడా జున్నుపాలు తీసి మిగతావి ఉండనివ్వండి.

కాల్షియం సీసా మందుల షాపులో దొరుకుతుంది గనుక తెలిసీ తెలియనివారి చేత ఎక్కించవద్దు. త్వరగా ఎక్కిస్తే గుండె అక్కడికక్కడే ఆగిపోతుంది. గుండె చప్పుడు వింటూ ఎక్కించవలసిన మందు అది.

ఈ జబ్బుకు కాల్షియం కారణమని తెలియని రోజులలో ఏం చేసేవారని మీకు సందేహం రావచ్చు. డెన్మార్క్ దేశపు పశువైద్యుడు ష్మిట్ 1897లో పొదుగులోకి మందునీళ్లు ఎక్కించి చూశాడు, చాలా పశువులు లేచాయి. కొద్ది సంవత్సరాలకే మందు ఎందుకు, ఒట్టి గాలి చాలునని తెలుసుకున్నారు. పంపుతో పొదుగులోకి గాలి కొడితే లోపలి ఒత్తిడికి పాలు దిగడం ఆగి, కాల్షియం రక్తంలో నిలిచేది. ముసలి రైతులు కొందరు సైకిలు పంపు కథ చెబుతూ ఉంటారు. వారు చెప్పేది అబద్ధం కాదు. కాని ఆ గాలితో పాటు పొదుగువాపు కూడా లోపలికి పోతుంది. మీరు ప్రయత్నించకండి.

ఇక కడుపు ఉబ్బరం. ఇక్కడ గంటలు కాదు, నిమిషాలు లెక్క. వాన కురిసి తడిగా ఉన్న పిల్లిపెసర చేలో, లూసర్న్ మడిలో ఆకలిమీద ఉన్న పశువు పడి తింటే పొట్టలో నురుగు పుడుతుంది. ఎడమ డొక్క వెన్నెముక ఎత్తుకు లేచి, తడితే డప్పులాగా మోగుతుంది. పశువు నాలుక చాపి ఊపిరికి కొట్టుకుంటుంది, పడుకొని లేస్తుంది. వెంటనే మేతలోనుండి బయటకు తోలి, ముందుకాళ్లు మెరక మీద ఉండేలా నిలబెట్టండి. చేతి మందాన వేప కర్రను కళ్లెం మాదిరి నోటికి అడ్డంగా పెట్టి తాడుతో కొమ్ములకు కట్టండి. దాన్ని నమలడం వలన చొంగ ఊరుతుంది, తేనుపు వస్తుంది. నిలబడి మింగుతున్న పశువైతే పావు లీటరు నుండి అర లీటరు వరకు వేరుసెనగ నూనె గాని నువ్వుల నూనె గాని నెమ్మదిగా తాగించవచ్చు. నూనె నురుగును విరుస్తుంది. కిరోసిన్ పోసేవారు ఉన్నారు, దయచేసి పోయకండి.

అయితే ఒక్క సంగతి చూసుకోకుండా నూనె సీసా పట్టుకోవద్దు. పశువు మెడ చాపి, నోట్లోంచి ధారగా చొంగ కారుస్తూ, ఏదీ మింగలేక వెనక్కు కక్కుతుంటే అది మేత ఉబ్బరం కాదు. గొంతులో ఏదో అడ్డుపడింది. మామిడి టెంక, తాటి టెంక, చిలగడదుంప. ఎండాకాలంలో మామిడితోటల చుట్టుపక్కల నేను చూసిన ఉబ్బరాలలో చాలా వరకు ఇవే. దారి మూసుకుపోయిన గొంతులో నూనె పోస్తే అది ఎటు పోతుందో ఇంతకుముందు చెప్పాను. దానికి ఏమీ పోయకుండా, కర్రతో లోపలికి తోయకుండా డాక్టరు దగ్గరకు వెంటనే తీసుకుపోవాలి. కర్రతో తోస్తే గొట్టం చిరిగిపోతుంది, ఇక బతకదు. డొక్కలో కత్తితో పొడవడం కూడా మీ పని కాదు. గాలి తీయడానికి వేరే సూది, గొట్టం ఉన్నాయి. పొడవవలసిన చోటు రెండంగుళాలు తప్పినా లోపలిది పేగులలోకి చిమ్ముతుంది.

ఉబ్బరం లాగానే కనబడి ఉబ్బరం కానిది మరొకటి ఉంది. మన ఇళ్లలో పెళ్లిళ్లు, క్రిస్మస్ పండుగ విందులు అయిన మరునాడు నాకు తప్పక కబుర్లు వచ్చేవి. మిగిలిన అన్నం పారేయడం ఇష్టంలేక తొట్టిలో కుమ్మరిస్తారు, గేదె ఆనందంగా తింటుంది. లేదా పలుపు తెంచుకొని బియ్యం సంచిలో మూతి పెడుతుంది. ఆ పూట ఏమీ కనబడదు. మరునాటికి నెమరు ఆగిపోతుంది. పేడ పులిసిన వాసనతో నీళ్లలాగా పడుతుంది, కళ్లు లోపలికి పోతాయి, తాగినవానిలాగా తూలుతుంది. అన్నం పొట్టలో పులిసి ఆమ్లమై రక్తంలోకి ఎక్కుతుంది. రెండు మూడు రోజులలో చనిపోవచ్చు. తిన్నదని తెలిసిన వెంటనే, జబ్బు లక్షణాలు కనబడేదాకా ఆగకుండా, డాక్టరుకు చెప్పండి. దాణా, అన్నం, కుడితి అన్నీ ఆపి ఒట్టి ఎండుగడ్డి వేయండి. మెల్లగా నడిపించండి. నిలబడి ఉన్న పెద్ద పశువుకు నూరు గ్రాముల తినే సోడా నీళ్లలో కలిపి, పైన చెప్పిన జాగ్రత్తలతో తాగించవచ్చు. అన్నం పడిపోతుందనే బాధకు గేదెను పోగొట్టుకున్న ఇళ్లు నాకు నాలుగైదు తెలుసు. విందు అన్నం నలుగురికి పంచండి, పశువుకు మాత్రం దోసెడు దాటనివ్వకండి.

జొన్న వేసే ఊళ్లవారికి నాము సంగతి తెలుసు. లేత జొన్న, కోసిన తరువాత లేచిన పిలకలు, వాన లేక వాడిన పైరు, ఈ మూడింటిలో సైనైడు విషం ఉంటుంది. తిన్న కొద్ది నిమిషాలకే పశువు రొప్పుతూ పడిపోతుంది, చిగుళ్లు ఎర్రగా కనబడతాయి, కాళ్లు కొట్టుకుంటుంది. ఇంటివైద్యానికి ఇక్కడ చోటు లేదు. మిగతా మందను ముందుగా చేలోనుండి బయటకు తోలి, డాక్టరుకు ఫోను చేసి "జొన్న చేలో పడింది" అన్న మాట మొట్టమొదట చెప్పండి. ఆ ఒక్క మాటతో డాక్టరు కావలసిన మందు వెంట తెచ్చుకుంటారు. సోడియం థయోసల్ఫేట్ అనే ఆ మందు, పూర్వం ఫోటో స్టూడియోలలో హైపో పేరుతో వాడిన పదార్థమే. నరంలోకి ఎక్కితే, సమయానికి అందితే, చనిపోయిందనుకున్న పశువు లేచి నిలబడుతుంది. పైరు యాభై రోజులు దాటి పూతకు వచ్చేవరకు పశువును వదలకుండా ఉంటే ఈ పరుగే ఉండదు.

ఈత విషయం. ముందుకాళ్లు రెండు, వాటి మీద ముట్టె కనబడితే దూడ సరిగానే వస్తోంది. నీటిసంచి పగిలి గంట దాటినా ముందుకు రాకపోతే, ఒక్క కాలే కనబడితే, తోక కనబడితే, తాళ్లు కట్టి నలుగురు లాగడం మానుకొని కబురు పంపండి. ఈనిన తరువాత మాయ పడలేదని దానికి ఇటుకరాయి, చెప్పు కట్టి వేలాడదీసే అలవాటు కొన్ని ఊళ్లలో ఇంకా ఉంది. ఆ బరువుకు గర్భసంచే తిరగబడి బయటకు వస్తుంది. 12 గంటలు దాటినా మాయ పడకపోతే డాక్టరును పిలవాలి, అంతే. ఒకవేళ గర్భసంచి బయటకు వచ్చిందంటే శుభ్రమైన చల్లని నీళ్లతో కడిగి, తడిపిన శుభ్రమైన పంచెలో పట్టుకొని, నేలకు తగలకుండా, కుక్కలు, కాకులు ముట్టకుండా ఒక మనిషి పక్కనే ఉండాలి. పశువు వెనుక భాగం మెరకలో ఉండేలా చూడండి. మీ అంతట మీరు లోపలికి నెట్టకండి. ఆ పంచె పట్టుకొని రాత్రంతా కూర్చున్న ఒక పదమూడేళ్ల అమ్మాయిని చూశాను. ఆ గేదె బతికింది, మళ్లీ ఈనింది కూడా.

ఒక మాట రాయడానికి కొంచెం కష్టంగా ఉంది గాని రాయక తప్పదు. నిన్నటివరకు బాగున్న పశువు ఒక్కసారిగా చనిపోయి, ముక్కు నుండి, నోటినుండి, వెనుకనుండి గడ్డకట్టని నల్లని రక్తం కారుతుంటే అది దొమ్మ కావచ్చు. దాన్ని కోయవద్దు, తోలు తీయవద్దు, మాంసం పంచుకోవద్దు. లేనివారి ఇంట్లో అంత మాంసం పోగొట్టుకోవడం ఎంత బాధో నాకు తెలుసు. కాని కోసినవారి చేతులకు నల్లని పుండ్లు లేస్తాయి, వైద్యం అందకపోతే ప్రాణాలు పోతాయి. కోసినచోట గాలి తగిలి ఆ సూక్ష్మక్రిములు గట్టి గింజలలాగా మారి నేలలో ఎన్నో సంవత్సరాలు ఉంటాయి. పశువుల ఆసుపత్రికి కబురు చేసి, వారు చెప్పినట్టు ఆరడుగుల లోతున సున్నం చల్లి పూడ్చండి. మిగతా పశువులకు వెంటనే టీకాలు వేయించుకోండి.

కబురు పంపడం ఇప్పుడు సైకిలు మీద కాదు గదా. 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వచ్చే ఏర్పాటు తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో మొదలైంది. మీ మండలానికి వాహనం ఏ వేళల్లో వస్తుందో, రాత్రిపూట ఎవరిని పిలవాలో పశువు బాగున్న రోజే కనుక్కొని గోడమీద బొగ్గుతోనైనా రాసి ఉంచండి. ఫోనులో "గేదెకు బాగోలేదు" అంటే డాక్టరుకు ఏమీ తెలియదు. ఎన్నవ ఈత, ఈని ఎన్ని గంటలైంది, నిలబడిందా కూలబడిందా, ఏం మేసింది, మూత్రం, పేడ వేసిందా, ఇంతవరకు నోట్లో ఏమైనా పోశారా అన్నవి చెప్పండి. ఈ చివరిది దాచకండి. పోసి ఉంటే పోశామని చెప్పండి, తిడతారని భయపడకండి. నాకు మూడవరోజు గాక మొదటిరోజే తెలిసి ఉంటే ఆ ముర్రా గేదెకు ఊపిరితిత్తుల మందు ఆ ఉదయమే మొదలుపెట్టి ఉండేవాడిని. బతికేదని చెప్పలేను, ప్రయత్నించడానికి రెండు రోజులు దొరికేవి.

చూడి పశువు ఉన్న ఇంటివారు ఈ కాగితం చింపి కొట్టంలో తగిలించుకుంటామన్నా నాకు అభ్యంతరం లేదు. వెనుక పేజీలో ఏముందో చూసుకొని చింపండి, లేకపోతే సంపాదకులు నన్ను కోప్పడతారు.

గొర్రెలు, మేకలకు వచ్చే పారుడు గురించి ఇద్దరు అడిగారు. అది వచ్చే నెల.